బొంత కుట్టే గది



బొంతలు కుట్టడం నా వృత్తి. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్లు, "బెజవాడ ఎండల్లో బొంతలెవరు కుట్టించుకుంటారండీ?" అని నవ్వుతారు. ఎండకీ బొంతకీ పడదన్నది నిజమే. కానీ ఇళ్లలోకి ఏసీలు వచ్చాక మే నెలలో కూడా తెల్లవారుజామున కప్పుకోవడానికి ఏదో ఒకటి కావలసి వస్తోంది. రగ్గు గుచ్చుకుంటుంది, దుప్పటి చాలదు. అలా అమ్మమ్మల నాటి వస్తువుకి కరెంటు బిల్లు పుణ్యమా అని మళ్లీ గిరాకీ వచ్చింది.

ఆ తరవాత అడిగే ప్రశ్న, "చేత్తోనా, మిషను మీదా?" అని. అది గుడ్డని బట్టి ఉంటుంది. అసలు నా పనిలో అన్నీ గుడ్డని బట్టే. ముక్క ఎంత ఉండాలి, కుట్టు ఎంత దగ్గరగా పడాలి, ఏది పైకి రావాలి, ఏది లోపలికి పోవాలి, ఇవి కాగితం మీద గీసుకుని తేల్చేవి కావు. ఆ గుడ్డని ఎవరు కట్టారు, ఎక్కడ అరిగింది, ఎన్ని ఉతుకులు చూసింది, అది తెలిశాకే కత్తెర పట్టాలి.

మేడ మీద గదే మా కార్ఖానా. తూర్పు కిటికీ కింద కుట్టుమిషను, పక్కన ఇస్త్రీ బల్ల. ఒక గోడకి నూగున్న తెల్ల ఫ్లానెల్ గుడ్డ బిగించాను. ముక్కల్ని దాని మీద అద్దితే గుండుసూదులు లేకుండానే అంటుకుని ఉంటాయి. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, నచ్చకపోతే తీసి ఇంకోచోట అద్దుకోవచ్చు. ఆ పని జరుగుతున్నంతసేపూ ఫ్యాను కట్టెయ్యాలి, అదొక్కటే శిక్ష. నాతో ఇద్దరు పనిచేస్తారు. ఒకరిని అందరం మామ్మగారనే పిలుస్తాం. డెబ్భై దాటాయి, సూదిలో దారం మాత్రం ఇంకా తనే ఎక్కించుకుంటారు. రెండో అమ్మాయికి మిషను మీద మంచి చెయ్యి. పెద్ద బొంత పరిచే బల్ల ఎవరింట్లోనూ ఉండదు కనక చేతి కుట్టంతా నేల మీదే. చాప పరుచుకుని ముగ్గురం మూడు వైపులా కూర్చుంటాం.

ఈమధ్య చేసినవాటిలో ఎక్కువ తిప్పలు పెట్టింది ఖాకీ బొంత. ఒకావిడ బియ్యం సంచి నిండా ఖాకీ చొక్కాలు తెచ్చి నా ముందు పెట్టింది. భర్త ఆర్టీసీలో కండక్టరు, రిటైరైన కొద్దికాలానికే పోయాడు. "ఇవి ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు, బీరువాలో చూడబుద్ధి కాదు. ఏదైనా చేసిపెట్టక్కా" అంది.

ఖాకీ అంటే ఒకటే రంగు అనుకుంటాం. గోడ మీద అద్ది చూస్తే ఏ రెండు చొక్కాలూ ఒక రంగు కాలేదు. కొత్తవి ఆవపిండి రంగు, పాతవి వెలిసి వెలిసి ఇసక రంగు. వాటిలో ఉద్యోగమంతా కనిపిస్తోంది. టిక్కెట్ల సంచి పట్టీ రాసుకుని భుజం మీంచి గుండె మీదుగా ఏటవాలుగా ఒక తెల్లటి చార, ప్రతి చొక్కాకీ. జేబు అడుగున పెన్ను కారిన నీలం మరక. రెండు మూడు చొక్కాలకి కాలరు విప్పి, తిరగేసి మళ్లీ కుట్టించాడు. అరిగిన వైపు లోపలికి, మంచి వైపు బయటికి. పొదుపుగల మనిషి.

మామూలుగా అయితే అరిగిన చోటు కత్తిరించి పారేస్తాం. చొక్కాలో వీపు భాగం పెద్ద ముక్క, తరవాత చేతులు, ముందు భాగంలో బొత్తాల పట్టీ వల్ల వచ్చేది తక్కువ. ఆ లెక్కన కుడితే చక్కటి ఖాకీ దుప్పటి వస్తుంది. దాని మీద ఆయన జాడ ఉండదు. అందుకని చారలున్న ముందు భాగాల్నే పెద్ద ముక్కలుగా తీశాను. వాటిని పక్కపక్కన పెడితే ఏటవాలు చారలన్నీ ఒకదాని వెంట ఒకటి బొంత ఈ మూల నుంచి ఆ మూల దాకా సాగాయి. నేను వేసిన డిజైను అంటూ ఏమీ లేదు, ఆ పట్టీ వేసిందే. జేబు సంగతి ఆవిడే చెప్పింది: "ఒక జేబు ఉంచక్కా. నోరు కుట్టెయ్యొద్దు." ఉంచాను.

ఇది చేత్తో కుదిరే పని కాదు. టెర్రికాటను ఖాకీ, నాలుగు ముక్కలు కలిసే చోట అతుకు దళసరిగా లేస్తుంది, అక్కడ సన్న సూది టప్పున విరుగుతుంది. 16 నంబరు సూది వేశాం. మిషనుతో ఇంకో చిక్కుంది. సూది కింద ఉండే పళ్లు అడుగు పొరని ముందుకి లాగుతాయి. పైపొరని లాగేదేమీ లేదు, పైగా పాదం దాన్ని నొక్కి పడుతుంది. జాకెట్టు కుట్టేటప్పుడు ఈ తేడా తెలియదు. మూడు పొరల బొంత ఒక కొస నుంచి ఇంకో కొసకి కుట్టుకుంటూ వెళ్లేసరికి పైపొర వెనకబడి చివర ముడత పోగవుతుంది. దీనికి వాకింగ్ ఫుట్ అని వేరే పాదం దొరుకుతుంది. దానికీ పళ్లుంటాయి, పైదాన్నీ కిందిదాన్నీ సమానంగా నడిపిస్తుంది. ఇంట్లో కుట్టుకునేవాళ్లెవరైనా బొంత మొదలుపెట్టే ముందు అది కొనుక్కోండి. లోపల మెత్తకి ఒక్క పాత చీర వేశాం, వెనక పొరకి తను కట్టుకున్న నేత చీరే ఇచ్చింది ఆవిడ.

ఆ పని జరిగినన్నాళ్లూ అమెరికాలో ఒక ఊరు తలపుకొస్తూ ఉండేది. అలబామా రాష్ట్రంలో, అలబామా నది మెలిక తిరిగి మూడు వైపులా చుట్టుకున్న చోట జీస్ బెండ్ అనే నల్లవాళ్ల పల్లె ఉంది. పత్తి తోటల్లో బానిసలుగా బతికినవారి సంతతి. చలికి తట్టుకోవడానికి ఆడవాళ్లు పాత ప్యాంట్లు, చొక్కాలు, పిండి సంచులు, ఏది చేతికందితే అది అతికి బొంతలు కుట్టుకున్నారు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ, చనిపోయిన భర్త పొలం పనికి తొడుక్కున్న బట్టలతో ఒక బొంత కుట్టింది. వాటి మీద పనిలో వెలిసిన చోట్లన్నీ అలాగే ఉంచింది. 2002లో ఆ ఊరి బొంతల్ని హ్యూస్టన్‌లోనూ, తరవాత న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటితో పది స్టాంపులు వేసింది.

చూసినవాళ్లు ఆధునిక చిత్రకళలా ఉన్నాయన్నారు. పొగడ్తే కావచ్చు గాని నాకంత నచ్చదు. బొంతని బొంతగా మెచ్చుకుంటే ఏం పోయింది? ఆ ప్రాంతపు సహకార సంఘానికి 1970ల్లో సియర్స్ కంపెనీ నుంచి కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు వచ్చింది. మిగిలిన ముక్కలు ఇళ్లకి చేరి బొంతలయ్యాయి. కార్డురాయ్ మందంగా ఉంటుంది, అందులో చిన్న చిన్న ముక్కలు కుదరవు. ఆ బొంతల్లో అంత పెద్ద పెద్ద పట్టీలు, అంత ధైర్యమైన గళ్లు ఎందుకొచ్చాయో సూది పట్టినవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

సరే, మన గదికి వద్దాం. ఖాకీ తరవాత చేసింది చంటిబొంత. పురిటికొచ్చిన కూతురి కోసం ఒక తల్లి అడిగింది. చంటిబొంతకి కొత్త గుడ్డ పనికిరాదు. గంజి, బిరుసు పోవాలంటే ఏళ్లు పడుతుంది. తాతగారి పంచె, అమ్మమ్మ నేత చీర, ఇవే కావాలి. ఎంపిక చేసేది మామ్మగారు. చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతుర్లో చూస్తారు. కుచ్చిళ్లు దోపుకునే చోట పల్చబడి ఉంటుంది, కాళ్ల దగ్గర అంచు మడమల కింద నలిగి ఉంటుంది. కొంగు వైపు సాధారణంగా గట్టిగా ఉంటుంది. ఆ తరవాత రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని ఒక్క లాగు లాగుతారు. చర్రుమంటే అది లోపలి పొరకి కూడా పనికిరాదు. నిలబడితే, "ఇంకో పదేళ్లు ఉంటుందే అమ్మాయ్" అని పక్కన పెడతారు.

గజం మీద మరికాస్త పొడవు, మూడు పొరలు. దారం ముడి ఎక్కడా పైకి కనిపించకూడదు, పసివాళ్ల ఒంటికి ముడి గుచ్చుకుంటుంది. అందుకని ముడిని రెండు పొరల మధ్యకి లాగేసి కుట్టు మొదలుపెడతారు. వరసకీ వరసకీ మధ్య వేలెడు ఎడం. అంతకన్నా ఎడమైతే ఉతికినప్పుడు పొరలు జారి ముద్దవుతాయి, అంతకన్నా దగ్గరైతే బొంత అట్టలా బిగుసుకుంటుంది.

ఇక్కడ మామ్మగారికీ నాకూ ఒక తగువుంది. నేను పుస్తకాల్లో నేర్చుకున్న పద్ధతిలో నడుమ మొదలుపెట్టి బయటికి కుట్టుకుంటూ పోవాలి. ముడతలేమైనా ఉంటే అంచుల వైపు తోసుకుపోతాయి. మామ్మగారు అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. "నడుమ పొంగు వస్తుందండీ" అంటే, "ముందు టాకాలు సరిగ్గా వేస్తే పొంగెందుకొస్తుందే?" అంటారు. పొంగు రావడం నేనెప్పుడూ చూడలేదు. టాకాలు ఆవిడ అంత ఒత్తుగా వేస్తారు మరి.

ఆవిడ పద్ధతి ఆవిడొక్కరిదే కాదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవి ఊళ్లలో సిద్దీలుంటారు. శతాబ్దాల కిందట ఆఫ్రికా నుంచి ఇక్కడికి తెచ్చిన మనుషుల వారసులు. వాళ్ల బొంతని కవండ్ అంటారు. ఒక మూల మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ ముక్కలు అతుకుతూ, కుట్టుకుంటూ నడుమకొచ్చి ముగిస్తారు. అన్నీ అయ్యాక నాలుగు మూలలా మడత పెట్టిన చిన్న గుడ్డలు కుడతారు, వాటి పేరు పూలు. పూలు లేకపోతే బొంత ఒంటి మీద బట్ట లేనట్టేనని వాళ్ల లెక్క. నిద్రపోయేటప్పుడు ఆ మూలలతో పని లేదు. అయినా అవి లేకుండా వాళ్లు బొంతని గడప దాటించరు. ఈ పట్టుదల అర్థమైనవాళ్లకి బొంతల గురించి ఇంక చెప్పాల్సిందేమీ ఉండదు.

ఇప్పుడు గోడ మీద ఉన్నది పెడన కలంకారీ గుడ్డతో చేస్తున్న బొంత. అమెరికాలో ఉన్న కూతురికి పంపాలని ఒకావిడ చెప్పింది. డబుల్‌కాట్ సైజు, కలంకారీ ముక్కలు పైన, తన పాత వెంకటగిరి చీరలు లోపలా వెనకా. ఒకటే షరతు, బరువు రెండు కిలోలు దాటకూడదు. పెట్టెలో ఊరగాయలకి చోటు కావాలట. ఈ షరతు విని నవ్వుకున్నాను గాని బొంత మొత్తం దాని మీదే నిర్ణయమైపోయింది.

లెక్క చూడండి. మన చీర అయిదున్నర మీటర్లు, అంటే ఆరు గజాలు. సగానికి కోసి రెండు సగాల్నీ అంచుకి అంచు కలిపి కుడితే మూడు గజాల పొడవు, రెండున్నర గజాల వెడల్పు వస్తుంది. డబుల్‌కాట్‌కి అది సరిగ్గా ఒక పొర. ఒక చీర ఒక పొర అన్నమాట. ఆ కొలతలు ఎవరు పెట్టారో గాని బొంతలు కుట్టే ఇంట్లో పుట్టినవాళ్లే అయివుంటారని నాకో అనుమానం. నూలు చీర అరకిలోకి అటూ ఇటూ ఉంటుంది, వెంకటగిరి ఇంకా తేలిక. పైన కలంకారీ, కింద మూడు చీరలు, అంతకు మించి వేస్తే ఊరగాయ జాడీ ఒకటి తగ్గించుకోవాలి.

కొత్త గుడ్డా పాత గుడ్డా కలిపేటప్పుడు భయమంతా రంగుతో. పాత తెల్ల చీర పక్కన కొత్త ఎరుపు పెట్టి కుట్టాక, మొదటి ఉతుక్కి ఎరుపు పారితే చేసేదేమీ లేదు. అందుకని ప్రతి గుడ్డనీ ముందు తడిపి, దాని మీద తెల్ల జేబురుమాలు పరిచి, వేడి ఇస్త్రీపెట్టె పెట్టి అదుముతాం. రుమాలుకి రంగు అంటితే ఆ గుడ్డ ఇంకో నాలుగు ఉతుకులు చూడాలి. ఉప్పునీళ్లలో నానేస్తే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. ఇప్పటి రసాయనపు రంగుల విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

పాతకాలపు కలంకారీ రంగుల సంగతి వేరు. గుడ్డని ముందు కరక్కాయ నీళ్లలో ముంచి, పటికతో అచ్చు వేసి, తరవాత చిరివేరుతో ఉడకబెట్టేవారు. పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది, పట్టుకున్నది వదలదు. ఉతికినా ఎండేసినా రంగు చెక్కుచెదరని ఇలాంటి నూలు గుడ్డ ఐరోపావాళ్లు అంతకుముందు ఎరగరు. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టుకున్నది ఈ తీరం బట్టల కోసమే. పువ్వుల అచ్చులున్న మనవాళ్ల చీటి గుడ్డకి అక్కడ ఎంత మోజు పుట్టిందంటే, తమ నేతగాళ్లు నష్టపోతున్నారని 1686లో ఫ్రాన్సు దాన్ని నిషేధించింది, 1721లో ఇంగ్లండు కూడా చట్టం చేసింది. అంత మోజున్న గుడ్డలో చిన్న పేలిక కూడా దాచుకుంటారు. ఇంగ్లండు ఉత్తర భాగంలో లెవెన్స్ హాల్ అనే భవనంలో 1708 ప్రాంతంలో కుట్టిన బొంత ఉంది. ఆ దేశంలో మిగిలిన అతుకుల బొంతల్లో అతి పాతదిగా చెప్పుకునేది అదే. అందులోని ముక్కలు భారతదేశపు చీటి గుడ్డవి. ఆ తరవాతి కాలంలో అక్కడి ఆడవాళ్లు చీట్లలోని పువ్వుల్నీ పిట్టల్నీ ఒక్కొక్కటే కత్తిరించి తెల్ల గుడ్డ మీద పరిచి కుట్టడం నేర్చుకున్నారు.

అలాంటి పాత గుడ్డల్లో ముందు పాడయ్యేది నలుపు. ఇనుము కలిసిన రంగు అది, కాలం గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. ఎరుపు పువ్వు నిక్షేపంలా ఉంటుంది, చుట్టూ గీసిన నల్ల గీత ఉన్న చోట మాత్రం గుడ్డ చిట్లిపోతుంది. అందుకే ఇప్పుడు గోడ మీదున్న బొంతలో నల్ల నేల ముక్కలు తక్కువ పెట్టాను. ఆవిడ మనవలు కప్పుకునే నాటికి కూడా ఉండాలి కదా.

పాలియెస్టరు చీరలతో కుట్టమని వచ్చేవాళ్లని తిప్పి పంపేస్తాను. చెమట పీల్చదు, పొరలు జారతాయి, నిప్పు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఇందులో మొహమాటాలేమీ పెట్టుకోను.

ఇక ధర. చేత్తో కుట్టిన డబుల్‌కాట్ బొంత ఇద్దరు మనుషులకి నెల పైన పని. బజార్లో మిషను మీద తయారైన కంఫర్టరు చూపించి, "అది అంతకే వస్తుంటే దీనికింత ఎందుకండీ, గుడ్డలు కూడా మావే కదా?" అంటారు. నిజమే, గుడ్డలు వాళ్లవే. నెల రోజులు మావి. ఇంట్లో పని ముగించుకుని మధ్యాహ్నాలు కూర్చుని కుట్టేది కనక ఆడవాళ్ల సూది పనికి కూలి లెక్కగట్టడం మనకి అలవాటు లేదు. తాపీపని చేసేవాడి దగ్గర ఇలా బేరం ఆడతామా?

ఈ బేరం కొత్తదేమీ కాదు. జార్జియా రాష్ట్రంలో హారియెట్ పవర్స్ అని ఒకావిడ ఉండేది, 1837లో బానిసగా పుట్టింది. బైబిలు కథల్ని బొమ్మలుగా అతికి కుట్టిన బొంత ఆవిడది. జెన్నీ స్మిత్ అనే డ్రాయింగు టీచరు దాన్ని 1886లో ఒక పత్తి సంతలో చూసి కొంటానంది. పవర్స్ ఏ ధరకీ ఇవ్వనంది. కొన్నేళ్లు గడిచాక ఇంట్లో ఇబ్బందులొచ్చి తనే అమ్మజూపింది. పది డాలర్లు అడిగింది, అయిదు చేతికొచ్చాయి. ఇప్పుడా బొంత వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. అయిదు డాలర్లకే కొన్నా జెన్నీ స్మిత్ ఒక మంచిపని చేసింది. ఏ బొమ్మ ఏ కథో కుట్టినావిడ చెబుతుంటే రాసిపెట్టుకుంది. పేరూ, కథా అలా దక్కాయి. ఆ రోజుల్లో కుట్టిన ఎన్నో బొంతల పక్కన కుట్టినవాళ్ల పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది.

మన ఇళ్లలో బొంతల గతీ అంతే. అటక మీద పాత ట్రంకు పెట్టెలో ఒకటి ఉంటుంది, అది మేనత్త కుట్టిందో, వీధిలోకి "బొంతలు కుడతామమ్మా" అని కేకేసుకుంటూ వచ్చినావిడ కుట్టిందో చెప్పగలిగినవాళ్లు ఉండరు. అందుకని మా గది నుంచి బయటికెళ్లే ప్రతి బొంతకీ వెనక మూలన కుట్టినవాళ్ల పేరు, సంవత్సరం కాడకుట్టుతో వేస్తున్నాం. ఖాకీ బొంత మీద కుట్టినవాళ్ల పేర్లతో పాటు ఆ కండక్టరు పనిచేసిన డిపో పేరు కూడా వేయమంది ఆవిడ. మామ్మగారు మొదట ఒప్పుకోలేదు, "నా పేరెందుకే, నేనేమన్నా కలెక్టరునా?" అన్నారు. ఇప్పుడు ముందు ఆ మూలే కుడతానంటున్నారు.

వింటున్నవారికి రెండు మాటలు. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు పాలియెస్టరు చీరలు ఇచ్చెయ్యండి, మెత్తబడ్డ నేత చీరలు, పంచెలు మాత్రం ఉతికి, గంజి పెట్టకుండా మడత పెట్టి ఉంచండి. ఇంట్లో ఇప్పటికే బొంత ఉంటే, అది ఎవరు కుట్టారో తెలిసినవాళ్లు ఉండగానే అడిగి, ఆ పేరు మూలన కుట్టించండి. పావుగంట పని, కుట్టుకూలి ఇచ్చి మరీ చేయించండి.